ఆరు గుర్రాలు

పదిహేను గుర్రాల మోటారు కొనమన్నాడు టెరెన్స్,
పెయిన్స్‌విల్ పడవల కొట్లో,
దాని నల్లటి టోపీని బొటనవేలితో తడుతూ.
గుర్రాలతో నాకు పేచీ లేదు,
యాభై కిలోల బరువుతోనే.
నా ఎడమచెయ్యి ఐదు కిలోలు దాటితే ఒప్పుకోదు.
అందులో ధమనినీ సిరనీ కలిపి కుట్టారు.
మణికట్టు పైన, చర్మం కింద,
రాత్రీ పగలూ న్యూట్రల్‌లో తిరుగుతుంటుంది
ఒక చిన్న ఇంజను.
నిద్రపట్టనప్పుడు సువర్చల దానికి చెవి ఆనిస్తుంది.

సోమ, బుధ, శుక్రవారాలు
బెయిర్న్స్‌డేల్ ఆస్పత్రిలో నన్ను యంత్రానికి కట్టేస్తారు.
మిగిలిన నాలుగు రోజుల కోసం
పన్నెండడుగుల అల్యూమినియం పడవ కొన్నాను.
రోజుకి లీటరు నీళ్ళే తాగాల్సినవాడికి
సరస్సు మీద ఏం పనని అడక్కండి.
అడగాల్సినవాళ్ళు అడిగేశారు.

వెనకగోడ ఎత్తు కొలిచి రమ్మన్నాడు టెరెన్స్.
పదిహేనంగుళాలు.
మర్నాడు మళ్ళీ కొలిచాను. పదిహేనే.
ముప్ఫై ఏళ్ళు రైల్వే సిగ్నళ్ళు బాగుచేసిన చెయ్యి
ఒక్క కొలతని నమ్మదు.
కాలు పొడుగైన మోటారు బురద దున్నుతుందట,
మరీ పొట్టిదైతే గాలి చిలుకుతుందట.
చివరికి ఆరు గుర్రాలది తీసుకున్నాను,
ఇరవై ఏడు కిలోలు, కుడిచేత్తో లాగే తాడు.
"ఆరుతో ఎంత దూరం పోతావు?" అన్నాడు.
తిరిగి రాగలిగినంత, అన్నాను.

వెనకగోడకి తాపిన చెక్క పుచ్చిపోయి ఉంది,
స్క్రూడ్రైవర్ గుచ్చితే
పాలలో నానిన బ్రెడ్డులోకి దిగినట్టు దిగింది.
కొత్త ప్లైవుడ్డు కోసి, అంచులకి మూడు పూతలు పూసి
ఆరనిచ్చాం ఒక వారం,
అంటే మూడు బెయిర్న్స్‌డేళ్ళు.

మోటారు ఎత్తింది సువర్చలా, పక్కింటి డోరీనూ.
డోరీన్‌కి డెబ్బై ఒకటి, గొర్రెల్ని ఎత్తిన నడుం.
నేను టేపు పట్టుకుని మేస్త్రీలా అరిచాను:
ఎడమకి. వెంట్రుకవాసి. అయ్యో, ఎక్కువైంది.

బిగింపు మరలు చేత్తోనే తిప్పాలి.
వాటినొక్కటే నమ్ముకుంటే ఏదో ఒక మలుపులో
మోటారు ఒంటరిగా ఈతకి పోతుందట.
అందుకని రెండు బోల్టులు, ఈ వైపు నుంచి ఆ వైపుకి,
రంధ్రాల నిండా వెన్నలాంటి సీలెంటు.
లోపల సువర్చల నట్టు పట్టుకుంది,
బయట నేను తిప్పాను.
ముప్ఫై మూడేళ్ళ కాపురం.
మధ్యలో ఒక చెక్క ఉంటే
ఎంత నెమ్మదిగా మాట్లాడుకుంటామో!

గురువారం పొద్దున్న నీళ్ళలోకి దింపాం.
అవతల గొలుసు ఫెర్రీ రేమండ్ ద్వీపానికి
రెండు కార్లని మోసుకుపోతోంది.
పెట్రోలు గొట్టం మధ్య రబ్బరు గుబ్బ,
అచ్చం బీపీ చూసేదే, గట్టిపడేదాకా పిసికాను.
నేను పడితే ఇంజను ఆపే ఎర్రతాడు
కుడి మణికట్టుకి తగిలించుకున్నాను.
ఎర్రవి తగిలించుకోవడం నాకు కొత్తేం కాదు.
కుడివైపు కూర్చుని ఎడమచేత్తో నడపడం రివాజు.
నేను ఎడమవైపు కూర్చున్నాను.

మొదటి గుంజుకి దగ్గింది.
రెండోదానికి అదీ లేదు.
"చోక్!" అని గట్టు మీంచి అరిచింది డోరీన్.
మూడోదానికి పలికింది.

పలకగానే వెనక్కి చూడమని చెప్పాడు టెరెన్స్.
పక్కనుంచి సన్నటి నీటిధార పడుతుండాలి,
లోపల చల్లబడుతోందని అదే గుర్తు,
పడకపోతే ఆ క్షణమే ఆపెయ్యి.

చూశాను.
ఏమీ లేదు.
తర్వాత, చంటిపిల్లాడు పోసినట్టు,
వంపు తిరిగి, సిగ్గూ ఎగ్గూ లేకుండా
సరస్సులోకి.

నాలుగేళ్ళయింది నేను ఆ చప్పుడు చేసి.
సువర్చల ధారని చూసింది, నన్ను చూసింది.
ఎవరం ఏమీ అనలేదు కాసేపు.
"వీడి పని బాగుంది" అన్నాను.
అప్పుడు నవ్వింది, పడవ ఊగేంతగా.

గేరు ముందుకి వేశాను.
ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను,
దాని పాటికి అది తిరుగుతోంది.
నల్లహంసలు దారివ్వలేదు.
మేమే చుట్టూ తిరిగి పోయాం.